ట్రాలీ వెనుక లైటు వెలగడం లేదా? బల్బు మార్చే ముందు ఎర్త్ చూడండి

పత్తి సీజన్ మొదలైందంటే వరంగల్ చుట్టూ రోడ్ల మీద రాత్రంతా ట్రాక్టర్ల చప్పుడే. తెల్లవారే సరికి ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర ఉండాలని నర్సంపేట, వర్ధన్నపేట, పరకాల, పర్వతగిరి వైపు నుంచి రైతులు చీకట్లోనే బయలుదేరుతారు. పత్తి అయిపోయాక మిర్చి, ఆ తర్వాత యాసంగి వడ్లు. అంటే ఏడాదిలో సగం రోజులు రాత్రిపూట ట్రాలీలు రోడ్డు మీదే ఉంటాయి. వాటిలో చాలావాటికి వెనుక లైటు ఉండదు. ఉన్నా వెలగదు. వెలిగినా బ్రేక్ తొక్కినప్పుడు తెలియదు.

ఇది ట్రాక్టర్ యజమానుల సమస్య మాత్రమే కాదు. మన కుటుంబాల్లో ట్రాక్టర్ నడిపేవాళ్లున్నారు, బ్యాటరీ, వైరింగ్ షాపులు పెట్టుకున్నవాళ్లున్నారు, వెల్డింగ్ కారఖానాల్లో ట్రాలీలు తయారు చేసేవాళ్లున్నారు. అంతకంటే ఎక్కువమంది రాత్రి డ్యూటీ దిగి బైకు మీద ఇంటికి వచ్చేవాళ్లు. ట్రాలీ వెనుక లైటు నడిపే మనిషికి కనిపించదు. అది వెనుక వచ్చేవాడి కోసం పెట్టిన దీపం. అది ఆరిపోతే ముందు దెబ్బ తగిలేది అతనికే.

లెక్క ఒకటి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేక్ మీద కాలు వేయడానికి మామూలు మనిషికి సెకనున్నర పడుతుంది. అంటే బ్రేక్ పట్టుకోకముందే 25 మీటర్లు పోయాడు. పొడి రోడ్డు మీద బైకు ఆగడానికి మరో 25 మీటర్లు కావాలి. మొత్తం 50 మీటర్లు. డిమ్ లైటులో దుమ్ము పట్టిన ఇనుప ట్రాలీ కనిపించేది 30, 40 మీటర్ల దగ్గరకు వచ్చాకే. ఎదురుగా లారీ లైటు కళ్లలో పడితే అదీ కనిపించదు. కరీంనగర్ నుంచి వరంగల్ మీదుగా ఖమ్మం పోయే 563వ జాతీయ రహదారి మీద, హైదరాబాద్ నుంచి ములుగు వైపు పోయే 163వ జాతీయ రహదారి మీద 60 అంటే పెద్ద వేగమేమీ కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. 1989 కేంద్ర నియమాల ప్రకారం చీకటి పడ్డాక వెనుక ఎర్ర లైటు వెలగాలి, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. "పొలం బండికి ఇవన్నీ ఎందుకు భాయ్" అనే మాట రోడ్డెక్కాక చెల్లదు.

ఎక్కువసార్లు పోయేది బల్బు కాదు

లైటు వెలగలేదంటే మనం చేసే మొదటి పని కొత్త బల్బు కొనడం. అది నాలుగు రోజులు వెలిగి మళ్లీ ఆరిపోతే "డూప్లికేట్ బల్బు ఇచ్చాడు" అని షాపు ఉస్తాద్‌ను తిట్టుకుంటాం. నిజానికి ట్రాలీల్లో చాలా లోపాలు ఎర్త్‌లోనే ఉంటాయి.

కరెంటు ఒక చుట్టు తిరగాలి. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు ద్వారా బల్బుకు వచ్చి, మళ్లీ బ్యాటరీ మైనస్‌కు చేరాలి. ట్రాక్టర్‌లో ఈ తిరుగు దారి ఇనుప బాడీయే. ట్రాలీ మాత్రం వేరే బండి. దానికీ ట్రాక్టర్‌కూ మధ్య ఉండేది ఒక హుక్కు, ఒక పిన్ను. ఎర్త్ వైరు విడిగా లాగకపోతే కరెంటు ఆ పిన్ను ద్వారానే వెనక్కి పోవాలి. అక్కడ గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, మట్టి ఉంటుంది. బండి కదిలినప్పుడల్లా పిన్ను అటూ ఇటూ ఊగుతుంది. అందుకే షెడ్డులో నిలబెట్టి చూస్తే చక్కగా వెలిగిన లైటు గుంతల రోడ్డు మీద మిణుకు మిణుకుమంటుంది.

ఎర్త్ పోయిందని చెప్పే గుర్తులు ఇవి:

- బ్రేక్ తొక్కితే బ్రేక్ లైటు సరిగ్గా వెలగదు, కానీ వేరే లైట్లు మసకగా వెలుగుతాయి.
- ఇండికేటర్ వేస్తే దాంతోపాటు టెయిల్ లైటు కూడా కొట్టుకుంటుంది.
- ఒక్కొక్క లైటు వేస్తే బాగానే ఉంటుంది, అన్నీ కలిపి వేస్తే అన్నీ డిమ్ అవుతాయి.

ఈ వింత ఎందుకంటే, వెనుక వాడే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. టెయిల్ లైటుకు 5 వాట్లది, బ్రేక్‌కు 21 వాట్లది. రెండింటికీ ఎర్త్ ఒకటే. ఆ ఎర్త్ తెగితే బ్రేక్ ఫిలమెంట్‌కు వచ్చిన కరెంటు టెయిల్ ఫిలమెంట్ గుండా వెనక్కి దారి వెతుక్కుంటుంది. అలా పోయి పోయి ట్రాక్టర్ సొంత లైట్ల ద్వారా ఎర్త్ అవుతుంది. మీకు కనిపించేది ఆ దారి తప్పిన కరెంటు.

చేతిలో ఉండాల్సిన సామాన్

ఇంట్లో స్విచ్ బోర్డు చూసే స్క్రూడ్రైవర్ టెస్టర్ ఇక్కడ పనికిరాదు. అది 230 వోల్టుల కోసం. 12 వోల్టుల బ్యాటరీ మీద వెలగదు. అది వెలగలేదని "కరెంటు రావట్లేదు" అని నిర్ణయించుకుంటే పొద్దంతా వృథా.

కావాల్సింది టెస్ట్ ల్యాంప్. 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి, దాని హోల్డరు, రెండు మీటర్ల చొప్పున రెండు వైర్లు, చివర్లో క్లిప్పులు. అంతే. మల్టీమీటర్ ఉంటే మంచిదే, కానీ అది ఒక్కోసారి మోసం చేస్తుంది. వైరులో అన్ని పోగులూ తెగి ఒకే ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. 21 వాట్ల బల్బు ఒకటీ ముప్పావు ఆంపియరు లాగుతుంది. వైరు బలహీనంగా ఉంటే బల్బు వెంటనే డిమ్ అయి నిజం చెప్పేస్తుంది.

వీటితోపాటు ఎనిమిది, పది మీటర్ల విడి వైరు ఒకటి, ఎమరీ పేపర్, చిన్న చాకు, టేపు ఉంచుకోండి.

సగం సగం చేసి వెతకండి

ట్రాలీ మొత్తం వైరు ఊడదీయొద్దు. ముందు లోపం ట్రాక్టర్‌లోనా, ట్రాలీలోనా తేల్చుకోండి.

మొదటి మెట్టు. ట్రాలీ ప్లగ్గు ఊడదీయండి. ట్రాక్టర్ వెనుక ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటే దాని మీద సన్నగా నంబర్లు చెక్కి ఉంటాయి. అంతర్జాతీయంగా వాడే పద్ధతిలో ఆ నంబర్ల అర్థం ఇది:

1 – ఎడమ ఇండికేటర్
2 – అదనపు లైటు, మన దగ్గర చాలాసార్లు ఖాళీ
3 – ఎర్త్
4 – కుడి ఇండికేటర్
5 – కుడి టెయిల్ లైటు
6 – బ్రేక్ లైటు
7 – ఎడమ టెయిల్ లైటు

వైరు రంగులను నమ్మొద్దు. ఇంతకుముందు రిపేరు చేసినవాళ్లు చేతికి దొరికిన రంగు వేసి ఉండొచ్చు. నంబర్లనే నమ్మండి. టెస్ట్ ల్యాంప్ ఒక కొన 3వ పిన్నుకు, రెండో కొన 6కు పెట్టి ఎవరినైనా బ్రేక్ తొక్కమనండి. ఇలాగే ఒక్కొక్కటీ చూడండి. అన్నీ బాగా వెలిగితే ట్రాక్టర్ మంచిదే, లోపం ట్రాలీలో ఉంది.

వెలగకపోతే 3వ పిన్ను నుంచి క్లిప్పు తీసి నేరుగా బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. ఇప్పుడు వెలిగిందా? సాకెట్ ఎర్త్ పోయింది. అప్పటికీ వెలగలేదా? ఫ్యూజు, స్విచ్, వైరు చూడాలి.

బ్రేక్ లైటు ఒక్కటే రాకపోతే పెడల్ దగ్గరి స్విచ్ చూడండి. స్విచ్‌కు వచ్చే రెండు వైర్లను ఒక్క క్షణం కలిపితే లైటు వెలిగిందంటే స్విచ్ పోయినట్టే. ట్రాక్టర్‌కు బ్రేక్ పెడల్స్ రెండుంటాయి కదా, కొన్నింటిలో స్విచ్ ఒక పెడల్‌కే ఉంటుంది. పొలంలో దున్నేటప్పుడు రెండు పెడల్స్‌ను కలిపే లాకు తీసేసి, రోడ్డెక్కాక వేయడం మరిచిపోతే రెండో పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ లైటు రాదు. అంతకంటే ప్రమాదం, ఒక పక్క చక్రమే ఆగి బండి పక్కకు లాగేస్తుంది. రోడ్డు మీద ఆ లాకు వేసే ఉండాలి.

రెండో మెట్టు. లోపం ట్రాలీలో ఉందని తేలితే ప్లగ్గు మళ్లీ పెట్టి లైట్లు వేయండి. విడి వైరు ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండో కొన వెనుక లైటు హోల్డరు బాడీకి తాకించండి. వైరు తాకగానే లైటు భగ్గున వెలిగితే మీకు బల్బు అక్కర్లేదు, ఎర్త్ వైరు కావాలి. మల్టీమీటర్ ఉన్నవాళ్లు లైటు వేసి ఉంచి ఇదే రెండు చోట్ల మధ్య వోల్టేజి కొలవండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ బాగా లేదని అర్థం.

మూడో మెట్టు. ఎర్త్ బాగుంటే అప్పుడు ప్లగ్గు విప్పండి. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్దండి. పిన్నుకు మధ్యలో చీలిక ఉంటే చాకు మొనతో కొంచెం వెడల్పు చేయండి, సాకెట్‌లో బిగువుగా కూర్చుంటుంది. స్క్రూలు బిగించి, కొంచెం వాజెలిన్ రాయండి. తేమ పట్టదు.

నాలుగో మెట్టు. కేబుల్. ఇది తెగే చోట్లు మూడే. హుక్కు దగ్గర మలుపు తిరిగేటప్పుడు లాగినచోట. రేకు రంధ్రంలోంచి పోయేచోట. లేపే ట్రాలీ అయితే డబ్బాకూ ఛాసిస్‌కూ మధ్య నలిగేచోట. గడ్డివాము పక్కన నిలబెట్టే బండైతే నాలుగోది కూడా ఉంది, ఎలుకలు.

ఇవన్నీ అయ్యాక చివరన బల్బు, హోల్డరు.

ఒకసారి చేసినా సరిగ్గా చేయండి

ఎర్త్‌ను హుక్కుకు వదిలేయకండి. 3వ పిన్ను నుంచి వెనుక లైట్ల దాకా విడి ఎర్త్ వైరు లాగండి. దాన్ని ట్రాలీ ఛాసిస్‌కు కూడా ఒకచోట కలపండి. కలిపేచోట పెయింట్ గీకి మెరిసే ఇనుము కనిపించాక బోల్టు వేసి, బిగించాక పైన మళ్లీ పెయింట్ కొట్టండి.

వైరు లావు ముఖ్యం. బ్యాటరీ నుంచి ట్రాలీ చివరిదాకా 8 మీటర్లు, తిరిగి 8 మీటర్లు, మొత్తం 16 మీటర్ల దారి అనుకుందాం. రెండు బ్రేక్ లైట్లకు కలిపి మూడున్నర ఆంపియర్లు కావాలి. అర చదరపు మిల్లీమీటరు సన్న వైరు వేస్తే దారిలోనే దాదాపు 2 వోల్టులు పోతాయి. 12 వోల్టుల బల్బుకు 10 అందితే దాని వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది ఒక్క వోల్టు కూడా ఉండదు.

రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం నిలిచే పని కాదు. ఎండకు టేపు జిగురు కరుగుతుంది, వానకు నీళ్లు దిగుతాయి, బండి అదురుకు మెలిక వదులవుతుంది. జాయింట్ వేయక తప్పకపోతే క్రింప్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ ఎక్కించండి. రేకు రంధ్రంలో రబ్బరు బుష్ పెట్టండి. కేబుల్‌ను ఛాసిస్ చానెల్ లోపలి వైపు నుంచి తీసుకెళ్లి అడుగడుగుకూ కట్టండి. హుక్కు దగ్గర మాత్రం పూర్తి మలుపుకు సరిపడా వదులుంచండి, కానీ రోడ్డుకు రాసుకునేంత కాదు.

ఫ్యూజు విషయంలో రాజీ వద్దు. బ్రేక్, టెయిల్, రెండు పక్కల ఇండికేటర్లు అన్నీ ఒకేసారి వెలిగినా ఈ బల్బులకు 8 ఆంపియర్లు దాటదు. బ్యాటరీ నుంచి నేరుగా ట్రాలీకి లైను లాగినవాళ్లు బ్యాటరీ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ట్రాక్టర్ ఫ్యూజు బాక్సులో కంపెనీ చెప్పిన రేటింగే ఉండాలి. ఫ్యూజు పోయినప్పుడల్లా రాగి పోగు చుట్టేవాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. ట్రాలీలో ఉన్నది పత్తి. వైరు షార్ట్ అయి ఎర్రగా కాలితే పత్తికి నిప్పు అంటుకోవడానికి నిమిషం పట్టదు. ఒక కుటుంబం ఏడాది కష్టం రోడ్డు మీదే బూడిద అవుతుంది.

లైటు వెలిగినా కనిపించని సందర్భం

పత్తి, వరిగడ్డి డబ్బా దాటి వెనక్కి వేలాడుతుంది. లైట్లు, రిఫ్లెక్టర్లు దాని కింద దాక్కుంటాయి. లోపల వెలుగుతూనే ఉంటాయి, వెనుకవాడికి మాత్రం కనిపించవు. లోడు బయటికి వచ్చిందంటే ఎర్ర లైటును లోడు చివరన కట్టాలి. రిఫ్లెక్టర్ టేపుకు కరెంటు అక్కర్లేదు, కాబట్టి వెనుకే కాదు రెండు పక్కలా అంటించండి, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. అయితే టేపు తనంతట తాను వెలగదు, వెనుక బండి లైటు పడితేనే మెరుస్తుంది. కాబట్టి అది లైటుకు తోడు, లైటుకు బదులు కాదు.

బండి దారిలో ఆగిపోతే రోడ్డు దిగి ఎడమకు పెట్టండి. ట్రయాంగిల్ బోర్డు వెనుక దూరంగా పెట్టండి. రాళ్లు, కొమ్మలు పేర్చి, బండి బాగయ్యాక వాటిని అక్కడే వదిలి పోవడం ఇంకొకరికి గుంత తవ్వడమే.

మరి ట్రాలీకి బ్రేకు?

మన పొలం ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకు లేదు. లోడు మొత్తాన్ని ట్రాక్టర్ వెనుక చక్రాలే ఆపాలి. అందుకే దిగుడులో ట్రాలీ ట్రాక్టర్‌ను నెడుతుంది, ఒక్కసారిగా బ్రేక్ వేస్తే మడతపడుతుంది. దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి రావాలి. న్యూట్రల్ చేసి డీజిల్ మిగిలిద్దాం అనుకోవడం ప్రాణంతో బేరం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవుల్లో కారు వెనుక లాగే ఇల్లు లాంటి ట్రైలర్లను అద్దెకు తీసుకుంటారు. వాటికి కరెంటు బ్రేకులుంటాయి. ప్రతి చక్రం డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం. డ్రైవర్ బ్రేక్ తొక్కగానే కారులోని కంట్రోలర్ దానికి కరెంటు పంపుతుంది, అయస్కాంతం డ్రమ్ముకు అతుక్కుని ఒక లివరును లాగుతుంది, బ్రేక్ షూలు తెరుచుకుంటాయి. మామూలు సైజు అయస్కాంతం 12 వోల్టుల దగ్గర సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు చక్రాలకు 12. మీటరు 9 చూపిస్తే ఒక చక్రం పని చేయట్లేదు. సున్నా చూపిస్తే మెయిన్ వైరో, ఎర్తో తెగింది. ట్రైలర్ హుక్కు ఊడిపోతే ఒక తీగ లాగి పిన్ను ఊడదీస్తుంది, ట్రైలర్ మీదున్న బ్యాటరీయే బ్రేకులు వేసేస్తుంది. అక్కడ కూడా వెతికే వరస ఇదే: ముందు ఎర్త్, తర్వాత ప్లగ్గు, తర్వాత కేబుల్, చివరికి అయస్కాంతం. తేడా ఒక్కటే. అక్కడ ఎర్త్ పోతే లైటే కాదు, బ్రేకే పోతుంది.

మనుషులను ఎక్కించే విషయం

అన్నారం దర్గాకు జియారత్‌కో, పెళ్లికో, నాట్లకో పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ ట్రాలీ ఎక్కడం మన ఊళ్లలో మామూలైపోయింది. ట్రాలీ సామాన్ల బండి. మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కే. సొంత బ్రేకు లేని, పట్టుకోవడానికి ఏమీ లేని డబ్బాలో ఆడవాళ్లను, పిల్లలను కూర్చోబెట్టి మగ్రిబ్ తర్వాత రోడ్డెక్కడం అంటే ఏమిటో పైన చెప్పిన లెక్క మరోసారి చదివితే తెలుస్తుంది. ఆటోనో, బస్సో చూసుకోండి.

బయలుదేరే ముందు రెండు నిమిషాలు

దీనికి ఇద్దరు కావాలి. ఒకరు సీటు మీద, ఒకరు ట్రాలీ వెనుక పది అడుగుల దూరంలో.

- టెయిల్ లైటు వేయండి. రెండూ సమానంగా వెలగాలి.
- బ్రేక్ తొక్కండి. వెలుగు తేడా స్పష్టంగా తెలియాలి.
- టెయిల్, బ్రేక్ వేసి ఉంచి ఎడమ, కుడి ఇండికేటర్లు వేయండి. ఏదీ డిమ్ కాకూడదు. అయితే ఎర్త్ చూడాల్సిందే.
- ఇండికేటర్ మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే ఆ పక్క ఒక బల్బు పోయి ఉండొచ్చు.
- ప్లగ్గు కేబుల్‌ను చేత్తో ఊపండి. లైటు మిణుకుమంటే జాయింట్ వదులుగా ఉంది.
- పెడల్స్ లాకు, హుక్కు పిన్ను, దాని క్లిప్పు చూసుకోండి.
- లోడు ఎక్కించాక మరోసారి వెనక్కి వెళ్లి లైట్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి.

సీటు మీద కూర్చున్న మనిషికి వెనుక ఏం వెలుగుతోందో ఎప్పటికీ తెలియదు. ఇంట్లో పదేళ్ల పిల్లవాడినైనా వెనుక నిలబెట్టి "వెలిగింది అబ్బా" అని చెప్పించుకున్నాకే బండి కదిలించండి.